బావగారి గురకలో స్టేషన్లు

మే నెల ఆఖరి ఆదివారం పెద్దాపురంలో మా అక్క ప్రిస్కిల్లా ఇంట్లో భోజనాలు ముగిశాయి. గుడిలో ఆరాధన అయ్యాక ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి జరుగుతున్నదే ఆ రోజూ జరిగింది. కోడికూర, పప్పుచారు, ఆ వారమే కలిపిన కొత్తావకాయ, చివర్లో తలా రెండు రసాలు. చేతులు కడుక్కున్నా వేళ్ళను మామిడి వాసన వదల్లేదు. బయట రోహిణి ఎండ. అక్క వీధి తలుపు మూసింది. కిటికీ రెక్కలు దగ్గరికి లాగింది. వరండాలో వేలాడగట్టిన వట్టివేళ్ళ తడకల మీద చెంబుతో నీళ్ళు చల్లింది. పట్టపగలే ఇంట్లోకి చీకటి దిగింది. తడిసిన వేళ్ళ వాసనతో కలిసి వచ్చే ఆ చీకటి నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. భయపడటానికి రాత్రి కావాలని అప్పటిదాకా నమ్మినవాణ్ణి.

మాది మండపేట. నేను ఏడో తరగతిలో ఉండగా అక్కకి జయపాల్ గారితో పెళ్ళయింది. ఆయన లెక్కల మాస్టారు. సెలవులకు నేను ద్వారపూడిలో పాసింజరెక్కి, సామర్లకోటలో దిగి, అక్కణ్ణుంచి పెద్దాపురం వచ్చేవాణ్ణి. వచ్చిన మొదటి రాత్రే ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి నాకూ తెలిసింది. బావగారు గురక పెడతారు. మామూలు గురక కాదు. మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, ఇల్లంతా ఊపి, ఒక్కసారిగా ఆగిపోయేది. పూర్తిగా ఆగిపోయేది. కాసేపు ఏమీ ఉండేది కాదు. తరవాత పెద్ద కుదుపుతో మళ్ళీ అందుకునేది.

ఆ రాత్రి అది ఆగగానే నేను చీకట్లోంచి, ప్లాట్‌ఫారం మీద అరిచేవాడి గొంతు తెచ్చిపెట్టుకుని, "సామర్లకోట! సామర్లకోట!" అన్నాను. కుదుపుతో అందుకోగానే, "బండి కదిలింది!" అన్నాను. ఇల్లంతా నవ్వింది. బావగారి తల్లి సూరమ్మగారు నోట్లో చుట్ట తీసి మరీ నవ్వారు. ఆ సెలవులన్నాళ్ళూ బావగారు పడుకుంటే బండి సామర్లకోటలో బయలుదేరేది. మేడపాడు, బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి, కేశవరం, కడియం... ఎప్పుడూ రాజమండ్రిలో ఆగేది. రాజమండ్రి వచ్చేసరికి ఆయనకి మెలకువ వచ్చేది, లేకపోతే పక్కకు ఒత్తిగిలేవారు. ఆ తరవాతి గోదావరి స్టేషను దాకా, నది మీది వంతెన దాకా, మేమెప్పుడూ వెళ్ళలేదు.

బావమరిదికి వేళాకోళం హక్కు. నవ్వడం బావ వంతు. మా జిల్లాలో ఇది ఎవరూ రాయని శాసనం. జయపాల్ గారు ఆ శాసనాన్ని ఎన్నడూ మీరలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అప్పుడు నవ్వేవారు. ముందు తుడుచుకునేవారు, తరవాత నవ్వేవారు. ఆ వరస గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర మాటలన్నీ ఆయన గుండె మీదే నడిచాయి. ఆ మధ్య గుడి మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడితే రాజమండ్రి తీసుకెళ్ళారు. గుండె లయ తప్పిందన్నారు. మందులిచ్చి, ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టి నిద్రను పరీక్షించారు.

"తలకి వైర్లు, ఛాతీకి వైర్లు, వేలికో క్లిప్పు," అన్నారు బావగారు. "క్రిస్మస్ చెట్టుకి కూడా అన్ని కట్టరోయ్ శ్యాం. పైగా పడుకోండి మాస్టారూ, హాయిగా పడుకోండి అని ఒకటే బతిమాలడం."

"ఏమన్నారు బావగారూ?"

"నేను నిద్రపోతున్నాను గానీ నా గుండె పోవట్లేదన్నాడు డాక్టరు. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందట. ఆగినప్పుడల్లా గుండె ఉలిక్కిపడి లేచి పరిగెడుతోందట. రాత్రంతా అదే పని. ఇన్నేళ్ళూ అదే పని."

"పెద్దవయసులో నిద్రకి ఒక వేళంటూ ఉండాలన్నారు తమ్ముడూ," అంది అక్క, ఆయన కంచంలో పప్పుచారు పోస్తూ. "రాత్రి మేలుకోవడం, పగలు గంటలు గంటలు పడుకోవడం కుదరదన్నారు. అసలు మాట చెప్పనా? మీ ఇంట్లో ఎవరైనా నిద్రలో పోయారా అని అడిగారు. ఈయనేమో గొప్పగా వేళ్ళు మడిచి లెక్క చెప్పారు."

"గొప్ప కాదేంటి? మా నాన్న, మా అమ్మ, మా అన్నయ్య చిట్టియ్య. ఒక్కరు మంచాన పడ్డారా? ఒక్కరి చేత చాకిరీ చేయించుకున్నారా? పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ప్రభువు దగ్గరికి వెళ్ళారు."

"డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టేశారు," అంది అక్క. "ఇంకేం రాయలేదు."

నేను హాలు గోడ వైపు చూశాను. ముగ్గురి ఫోటోలూ వరసగా ఉన్నాయి. ఒక్కో ఫోటో కింద పేరు, ఆ పేరు కింద 'ప్రభువునందు నిద్రించిరి' అనే మాట. మా వాళ్ళలో ఎవరూ చనిపోయారనరు. నిద్రించారంటారు. సమాధుల మీదా అదే, గుడిలో ప్రకటనా అదే. ఆ మాట మెత్తగా ఉంటుందని, దుఃఖాన్ని మోయడానికి వీలుగా ఉంటుందని నేను ఒకప్పుడు ఎక్కడో రాశాను కూడా. ఆ ముగ్గురి విషయంలో అది ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పిన మాటని అప్పుడు నాకు తోచలేదు.

చికిత్స ఒకటే. కళ్ళు మూసినప్పుడల్లా ముక్కుకి మాస్కు పెట్టుకోవాలి. పక్కన చిన్న మిషను గొట్టంలోంచి గాలిని తోస్తూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అక్క దాని మీద తను అల్లిన లేసు గుడ్డ కప్పి, మంచం పక్క బల్ల మీద పెట్టింది. భోజనమయ్యాక బావగారు నన్ను పడకగదిలోకి తీసుకెళ్ళి, గుడ్డ తీసి, కొత్త గడియారం కొనుక్కున్నవాడిలా చూపించారు. పట్టీలు తలకి బిగించి మాస్కు పెట్టుకున్నారు. గొట్టం ఛాతీ మీదుగా వేలాడింది. నా వైపు తిరిగి చూశారు.

నా నోరు నాకన్నా ముందు తెరుచుకుంది.

"అదీ సంగతి! బొగ్గింజను పోయి కరెంటింజను వచ్చిందన్నమాట! ఇంక మన లైన్లో స్టేషన్లన్నీ ఎత్తేసినట్టేనా బావగారూ?"

గుమ్మంలో నిలబడ్డ అక్క కొంచెం నవ్వింది. ఆయన మాస్కు తీశారు. చెంపల మీద పట్టీల గుర్తులు ఎర్రగా పడ్డాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. అప్పుడు నవ్వారు.

"ఒక్క కునుక్కి ఈ ఇంజనెందుకులే," అని గుడ్డ కప్పేశారు.

అక్కకి ఆ మధ్యాహ్నం గుడిలో స్త్రీల సమాజం మీటింగు. గొడుగు తీసుకుని గేటు దాకా వెళ్ళి నన్ను సైగ చేసి పిలిచింది. చెప్పులు లేకుండా వెళ్ళాను. అరికాళ్ళు కాలిపోతున్నాయి.

"మాస్కు లేకుండా పడుకోనివ్వకు తమ్ముడూ. నువ్వు చెబితే వింటారు."

"అలాగే అక్కా."

ఆమె గేటు తీయలేదు. "ఇంకో మాట. ఏమీ అనుకోకు. నువ్వొచ్చిన రాత్రి ఆయన పడుకోరు."

"అదేంటక్కా?"

"వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నీతో చల్లగాలికని చెబుతారు. నువ్వు లేచేసరికి మొహం కడుక్కుని పేపరు పట్టుకుని ఉంటారు. నువ్వు బస్సెక్కాక మధ్యాహ్నమంతా పడి నిద్రపోతారు."

"ఎప్పట్నుంచి?"

"సామర్లకోట సామర్లకోట అన్నావే, ఆ తరవాతి సెలవుల నుంచి." ఆమె గొడుగు తెరిచింది. "ఎవరింటికి వెళ్ళినా అంతే. పెళ్ళిళ్ళకి వెళితే రాత్రంతా మండపంలో కూర్చుంటారు. రైల్లోనూ అంతే, అందరూ పడుకుంటే ఈయన తలుపు దగ్గర నిలబడతారు."

"ఇన్నేళ్ళలో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పమంటావురా? బావమరిది వేళాకోళానికి బావగారు బాధపడ్డారనా? నువ్వే నవ్వేవాడివి."

ఆమె వెళ్ళిపోయింది. నేను కాలుతున్న గచ్చు మీద అలాగే నిలబడ్డాను. ఆ వేడి నాకు కావాలనిపించింది. ఒక మనిషి తన నిద్రని నా కోసం దాచుకున్నాడు. దొంగసొమ్ములా దాచుకున్నాడు. నేను చూడనప్పుడు, నేను వినలేనంత దూరంలో ఉన్నప్పుడు మాత్రమే దాన్ని బయటికి తీశాడు. ఆ రాత్రుల మేలుకువంతా ఎక్కడికి పోయింది? భోజనం దగ్గర డాక్టరు మాటలు వింటున్నప్పుడు అవి నాకు పరాయి సమాచారంలా వినిపించాయి. ఇప్పుడు వాటిలో నా గొంతు వినిపించింది.

లోపలికి వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. మాస్కు నా చేతులతో కట్టాలనుకున్నాను. పడకగది కర్టెను తొలగించేసరికి ఆయన నిద్రపోయారు.

వెల్లకిలా పడుకుని ఉన్నారు. గురక అప్పుడే మొదలవుతోంది. మిషను లేసు గుడ్డ కింద ఉంది. భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాను. లేపితే ఎందుకు లేపావంటారు. మాస్కు పెట్టుకోండి అంటే, ఆ మాస్కు ఎవరివల్ల తీశారో ఇద్దరికీ గుర్తొస్తుంది. అక్క చెప్పిందని తెలిసిపోతుంది. నేనున్న ఇంట్లో, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆయన నా ముందు నిద్రపోయారు. దాన్ని చెడగొట్టే అర్హత నాకెక్కడిది? పడుకున్న పెద్దవాళ్ళని లేపకూడదని చిన్నప్పుడు అందరిలాగే నేనూ నేర్చుకున్నాను. ఆ మర్యాదని అడ్డం పెట్టుకుని నా సిగ్గుని దాచుకున్నాను.

కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. ఇవాళ ఎన్నిసార్లు ఆగినా నా నోట ఒక్క స్టేషను పేరు రాకూడదని నిశ్చయించుకున్నాను. నా మౌనమే నా క్షమాపణ. అంత తేలిగ్గా తీర్చేసుకోవచ్చనుకున్నాను.

సీలింగు ఫ్యాను తిరిగినప్పుడల్లా సన్నగా కిచకిచమంటోంది. ఎండకి పెంకులు పటపటమంటున్నాయి. గుమ్మానికున్న కర్టెను నేలకి జానెడు ఎత్తులో ఆగుతుంది. ఆ సందులోంచి హాలు గచ్చు కనిపిస్తోంది. కిటికీ రెక్కలో విరిగిన చెక్క ఉంది. అందులోంచి ఎండ ఒక పట్టీలా హాల్లో పడి, ఎర్రటి గచ్చు మీద గోడ నుంచి గోడ దాకా మెరుస్తోంది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను.

గురక వేగం అందుకుంది. ఊగింది. ఆగింది.

నేను పెదవులు బిగించాను.

హాల్లోంచి, ఎవరో, మెల్లగా అన్నారు.

"సామర్లకోట."

అక్క తిరిగొచ్చిందనుకున్నాను. కానీ అది మగగొంతు. వయసులో ఉన్న గొంతు. ఎక్కడో బాగా విన్న గొంతే, ఎవరిదో అందడం లేదు. వీధి తలుపు తీసిన చప్పుడు లేదు. ఫ్యాను కిచకిచ కూడా వినిపించడం మానేసింది. తల పైకెత్తి చూశాను. తిరుగుతూనే ఉంది.

బావగారి ఒళ్ళు అదిరింది. గురక అందుకుంది. ఫ్యాను చప్పుడు తిరిగొచ్చింది. నా పిరికితనానికి నేనే నవ్వుకున్నాను. మనసులో గింగిరాలు తిరుగుతున్న మాట చెవికి వినిపించడం వింతేమీ కాదని సర్దిచెప్పుకున్నాను.

మళ్ళీ ఆగింది.

"మేడపాడు."

ఈసారి చప్పుడు కూడా వచ్చింది. చెప్పులు విడిచిన చప్పుడు. చేతిసంచి ఏదో గచ్చు మీద దింపిన చప్పుడు. దూరప్రయాణం చేసి వచ్చినవాళ్ళు నడుం నిలబెట్టుకుంటూ విడిచే నిట్టూర్పు.

కర్టెను కింద సందులోంచి చూశాను. ఎండపట్టీ ఒక చోట తెగి ఉంది. రెండు పాదాలు అడ్డం వచ్చినంత మేర.

"ఎవరండీ?" అన్నాను. గాలి మాత్రమే వచ్చింది.

గురక కుదుపుతో కదిలింది. అడ్డం వచ్చినది అలాగే ఉంది.

"బిక్కవోలు."

ఇంకొకరు దిగారు. ఈసారి వాసన ముందొచ్చింది. వట్టివేళ్ళ తడివాసనని చీల్చుకుంటూ చుట్ట వాసన. ఆ ఇంట్లో సూరమ్మగారు పోయాక ఎవరూ చుట్ట కాల్చలేదు. తరవాత నశ్యం వాసన. చిట్టియ్యగారు గొంతు సవరించుకునే తీరు నాకు తెలుసు. మూడుసార్లు పొడిగా, చివర్లో ఒకసారి గట్టిగా. గుడిలో ప్రసంగం మధ్యలో ఆ దగ్గు వినిపిస్తే మేము పిల్లలం నవ్వాపుకునేవాళ్ళం. ఇప్పుడు అది హాల్లోంచి వినిపించింది.

పట్టీ రెండో చోట తెగింది. మూడో చోట తెగింది.

"అనపర్తి..."

"ద్వారపూడి..."

నేను లేవాలనుకున్నాను. కుర్చీలోంచి కదల్లేదు. బావగారి ముఖం వైపు చూశాను. పెదాలు నల్లబడుతున్నాయి. నుదుటి మీద చెమట. ఆగిన ప్రతిసారీ ఛాతీ ఎగురుతోంది, లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు. ఊపిరి లోపలికి వెళ్ళడం లేదు. ఆ సెలవులన్నాళ్ళూ ఈ సంగతి చూడకుండా నేను చీకట్లో ఊళ్ళ పేర్లు చెప్పుకున్నాను.

"బావగారూ," అన్నాను. చెయ్యి చాచాను.

"ష్..."

కర్టెనుకి అవతల. దగ్గరగా. ముసలి ఆడగొంతు.

"లేపకు బాబూ... ఇన్నాళ్ళకి పడుకున్నాడు."

నా చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఎప్పుడూ కూర్చునే ఉండేవాడు పాపం," అంది ఆ గొంతు. "పడుకోనీ."

అందులో కోపం లేదు. నింద కూడా లేదు. ఉంటే బావుండేది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు నా చేతిని పట్టుకుని కిందికి లాగింది. అవును, నేను ఎవర్ని ఈయన్ని లేపడానికి? పడుకోనీ...

"కేశవరం."

"కడియం."

హాలు నిండింది. ఎంతమందో. బట్టలు రాసుకుంటున్న చప్పుడు. నిలబడి ఎదురుచూసేవాళ్ళు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకునే చప్పుడు. ఎవరూ ఊపిరి తీయడం లేదు. ఎండపట్టీ చుక్కలు చుక్కలుగా మిగిలింది.

"రాజమండ్రి."

చుక్కలు కూడా పోయాయి.

ఇక్కడ ఆయన ఒత్తిగిలాలి. ఎప్పుడూ ఇక్కడే ఒత్తిగిలేవారు. నేను చూస్తూ ఉన్నాను... ఒత్తిగిల్లేదు. చిన్న కుదుపు. సగం ఊపిరి. మళ్ళీ ఆగింది.

కర్టెను కదల్లేదు. కానీ ఆ మగగొంతు ఇప్పుడు గదిలో ఉంది. నా కుర్చీ వెనక. నా తల పక్కన.

"గోదావరి వచ్చింది... దిగండి బావగారూ."

ఆయన ముఖం మీద నవ్వు పుట్టింది. తుడుచుకోకుండా వచ్చిన నవ్వు. నేనెన్నడూ చూడని నవ్వు. ఛాతీ ఎగరడం మానేసింది. తలుపు కొట్టేవాడు అలిసిపోయినట్టు...

నేను అరిచాను. ఏ ఆట నా నోట రాకూడదనుకున్నానో ఆ ఆటలోని రెండో సగాన్నే అరిచాను.

"బండి కదిలింది! బావగారూ, బండి కదిలింది! కదిలింది! కదిలింది!"

రెండు భుజాలూ పట్టుకుని కుదిపాను. లేపి కూర్చోబెట్టాను. చెంపల మీద కొట్టాను. పెద్దమనిషిని, అక్క భర్తని, ఇన్నేళ్ళూ నన్ను భరించినవాణ్ణి చెంపల మీద కొట్టాను. గొంతులో ఏదో చినిగినట్టు చప్పుడై ఊపిరి లోపలికి దూసుకుపోయింది. కళ్ళు తెరిచారు.

ఫ్యాను కిచకిచమంది. కర్టెను కింద ఎండపట్టీ గోడ నుంచి గోడ దాకా, ఎక్కడా తెగకుండా మెరుస్తోంది.

ఆయన చాలాసేపు రొప్పారు. నేను నీళ్ళిచ్చాను. తాగి, లేసు గుడ్డ తీసి, నా వైపు చూడకుండా మాస్కుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎందుకు లేపావోయ్," అన్నారు. "దిగబోతున్నాను."

"ఎక్కడ బావగారూ?"

"గోదావరి స్టేషన్లో. అందరూ వచ్చారు. అమ్మ నీ వెనకే నిలబడింది. చాలా చల్లగా ఉంది గాలి." ఆగారు. "నువ్వే కదా పిలిచావు. మళ్ళీ ఎందుకు లేపడం?"

"నేను పిలవలేదండి."

ఆయన ఓపిగ్గా చూశారు, తప్పు లెక్క చేసి ఒప్పుకోని కుర్రాణ్ణి చూసినట్టు.

"నీ గొంతు నాకు తెలీదేంటి శ్యాం? సామర్లకోట నుంచీ వింటూనే ఉన్నాను."

"నిజంగా బావగారూ. ఇవాళ నేను నోరు విప్పలేదు. ప్రభువు తోడు..."

"పోన్లే," అన్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నవ్వారు. "బావమరిదివి. నీకు కాకపోతే ఆ హక్కు ఎవరికుంటుంది?"

అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. నేను నిజం చెబుతున్న ఒక్క రోజున ఆయన నన్ను క్షమించేశారు.

ఆ గొంతు నాకెందుకు అందలేదో మండపేట వెళ్ళే దారిలో అర్థమైంది. తన గొంతు బయటినుంచి ఎలా వినిపిస్తుందో మనిషికి తెలియదు. ఎవరైనా రికార్డు చేసి వినిపిస్తే, ఇది నాది కాదంటాడు.

ఆ రోజు నుంచి బావగారు మాస్కు మానలేదు. రాత్రి వేళకి పడుకుంటున్నారు. గురక లేదు. కళ్ళు తిరగడం లేదు. గుండె లయ కుదుటపడిందని, ఇలాగే ఉండమని డాక్టరు చెప్పాడు. నేను పెద్దాపురం వెళ్ళడం మానేశాను. ఆయన హాయిగా పడుకోవాలంటే నేను లేకపోవడమే మంచిదని నాకు నేను చెప్పుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. ఫోను మోతకి మెలకువ వచ్చింది. అక్క.

"ఎప్పుడొచ్చావు తమ్ముడూ? ఎక్కడ దాక్కున్నావు?" నవ్వుతోంది. "మీ బావగారు పడుకున్నారని ఇల్లు సర్దుతున్నాను. హాల్లోంచి సామర్లకోట అన్నావు కదరా. వరండా అంతా వెతికాను."

నేను ఇంట్లోనే ఉన్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు. "సరేలే, ఈ వయసులో ఇంకా నీకు ఆటలే," అంది. నేనూ నవ్వాను. నవ్వే ముందు, నాకు తెలియకుండానే, చేత్తో ముఖం తుడుచుకున్నాను.

తరవాతి వారం మేడపాడు అన్నానని అక్క ఫోను. బస్సులో కిటికీకి తల ఆనించి కునుకు తీసినప్పుడు అది. గుడిలో ప్రసంగం వింటూ కళ్ళు మూతపడినప్పుడు బిక్కవోలు. మా ఆవిడ తబిత మోచేత్తో పొడిచి, "ఏవండీ, ఏంటా గొణుగుడు, అయ్యగారు చూస్తున్నారు," అంది. ఆ ఆదివారం బావగారు ఒంట్లో నలతగా ఉందని ఇంట్లోనే పడుకున్నారని సాయంత్రం అక్క చెబితే తెలిసింది. మా ఆవిణ్ణి అడిగాను, నేను గురక పెడతానా అని. "మీరు గురక పెట్టరు. ఎవరినో పిలుస్తారు," అంది.

అక్కకి చెప్పాలి. ఏమని చెప్పను? నా నిద్ర మీ ఇంటికి వచ్చి మీ ఆయన్ని దిగమంటోందనా? చెప్పబోయిన ప్రతిసారీ సిగ్గుతో ఫోను పెట్టేశాను. ఆమె నవ్వుతుంది. వేళాకోళమంటుంది. నా మాటల్ని అలా వినడమే వాళ్ళకి నేను నేర్పాను.

అందుకని పడుకోవడం మానేశాను. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. చల్లగాలికని తబితతో చెబుతున్నాను. తెల్లారేసరికి మొహం కడుక్కుని పేపరు పట్టుకుంటున్నాను. మెట్లెక్కితే గుండె దడదడమంటోంది. ఒక్కోసారి దాని లయ తప్పి, తడుముకుని, మళ్ళీ అందుకుంటోంది. ఎంత మేలుకున్నా, ఎక్కడో ఒక చోట రెప్ప వాలుతుంది. వాలినప్పుడల్లా పెద్దాపురం నుంచి ఫోను వస్తుంది. అనపర్తి. ద్వారపూడి. కేశవరం. కడియం. మొన్న రాజమండ్రి.

ఇది మేలుకుని ఉండటానికే రాస్తున్నాను. మధ్యాహ్నం. బయట ముసురు. పెద్దాపురంలో ఈ వేళకి బావగారు మాస్కు పెట్టుకుని కునుకు తీస్తుంటారు. ఇందాక ఒక వాక్యం మధ్యలో ఉలిక్కిపడి తలెత్తాను. కలం బల్ల కింద పడి ఉంది. ఎంతసేపైందో తెలియదు. నోరు పూర్తిగా ఎండిపోయింది. దూరంగా ఉన్నవాళ్ళని గొంతెత్తి పిలిచి పిలిచి ఆగినట్టు.

లోపలి గదిలో ఫోను మోగింది. తబిత తీసింది.

"వదినా," అంది.

ఆ తరవాత ఆమె ఏమీ మాట్లాడటం లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, దాని చప్పుడు వినిపించడం లేదు. నేను ఆ నిశ్శబ్దాన్ని వింటూ కూర్చున్నాను.

బండి ఇంకా కదల్లేదు.